నలుగురికి చాలని గాలి: ధర్మసంకటం మీద నడిచే సైన్స్ ఫిక్షన్‌లో ఏ సినిమా ఎవరికి?

"ఏదైనా మంచి సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్ చెప్పండి" అని అడిగేవాళ్ళకు ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం కష్టం. ఒకరికి అంతరిక్షం కావాలి, ఒకరికి రోబోలు కావాలి, ఇంకొకరికి ఏదైనా పర్లేదు గానీ మధ్యలో నిద్ర రాకూడదు. ఈ జానర్‌లో ఒక చిన్న రకం ఉంది. ఆ సినిమాల్లో గ్రహాంతరవాసులు దండెత్తి రారు, నగరాలు కూలిపోవు. ఉన్నదల్లా ఒక లెక్క. గాలి ఇంతే ఉంది, మనుషులు ఇంతమంది ఉన్నారు. లేదా ఒక మూత తెరిస్తే నీ ఒంటరితనం తీరుతుంది, ఇంకొకరి జీవితం పాడవుతుంది. టెన్షన్ అంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

అలాంటివి ఐదు తీసుకుందాం. జో పెన్నా తీసిన 'స్టోఅవే' (2021), మోర్టెన్ టిల్డమ్ తీసిన 'ప్యాసింజర్స్' (2016), డానీ బాయిల్ 'సన్‌షైన్' (2007), గ్రాంట్ స్పుటోర్ 'ఐ యామ్ మదర్' (2019), ఇద్దరు దర్శకులు కలిసి తక్కువ ఖర్చుతో తీసిన 'సర్కిల్' (2015). ముగింపులు బయటపెట్టను. కానీ చిక్కుముడి ఏమిటో చెప్పకుండా పోలిక కుదరదు కాబట్టి కథలు సగం దాకా చెప్పక తప్పదు. ఏమీ తెలియకుండా చూడాలనుకునేవాళ్ళు 'ఐ యామ్ మదర్' పెట్టుకుని, చూశాక వచ్చి మిగతాది చదవండి.

రేటింగ్ అంకెలు ఇక్కడ పెద్దగా పనికిరావు. వీటిలో కొన్ని సగం మందికి నచ్చి సగం మందికి నచ్చనివి, ఆ సగటు మీకేమీ చెప్పదు. నేనైతే రెండు విషయాలు చూడమంటాను. ఒకటి, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది అన్నది. ఒంటరి మనిషి చేతిలోనా, కలిసి పనిచేసే బృందం చేతిలోనా, ముక్కూమొహం తెలియని గుంపు చేతిలోనా, అసలు మనిషే కాని దాని చేతిలోనా. రెండోది, ఆ నిర్ణయం ముందుకొచ్చాక సినిమా నిలబడిందా, జారుకుందా.

ఈ జారుకోవడం గురించి కొంచెం చెప్పాలి. ఎర్రన పూర్తిచేసిన అరణ్యపర్వం చివర్లో యక్షప్రశ్నల ఘట్టం మనకు తెలిసిందే. తమ్ముళ్ళు నలుగురూ మడుగు ఒడ్డున పడి ఉంటారు. ఒక్కణ్ణే బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకో అంటాడు యక్షుడు. భీముణ్ణీ అర్జునుణ్ణీ వదిలేసి నకులుణ్ణి అడుగుతాడు ధర్మరాజు. కుంతి కొడుకుల్లో నేనున్నాను, మాద్రికీ ఒకడు మిగలాలి కదా అని. యక్షుడు మెచ్చుకుని నలుగురినీ లేపేస్తాడు. అక్కడ అది బాగుంటుంది, ఎందుకంటే ధర్మరాజు జవాబు చెప్పేశాకే ఆ వరం దొరికింది. సినిమాల్లో తరచూ తిరగబడుతుంది. హీరో ఇంకా జవాబు చెప్పకముందే యక్షుడు ఎక్కడినుంచో ఊడిపడి అందరినీ లేపేస్తాడు. ప్రేక్షకుడికి ఊరట, కథకు నష్టం.

స్టోఅవే: లెక్క తప్పని సినిమా

మార్స్‌కు ముగ్గురు బయల్దేరతారు. కమాండర్ మరీనా (టోనీ కొలెట్), జీవశాస్త్రవేత్త డేవిడ్ (డేనియల్ డే కిమ్), వైద్య పరిశోధకురాలు జోయీ (అన్నా కెండ్రిక్). రాకెట్ పైకెగిరిన కొద్దిసేపటికి మరీనాకు ఒకచోట రక్తపు మరకలు కనిపిస్తాయి. పైకప్పు ప్యానెల్ విప్పితే ఒక మనిషి ఆమె మీద పడతాడు. మైకేల్ (షామియర్ ఆండర్సన్), ప్రయోగానికి ముందు పనిచేసిన ఇంజనీర్. అతను ఇరుక్కున్న చోట గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ తీసేసే యంత్రం పాడైపోయింది. వెనక్కి తిరిగే దారి లేదు. మిగిలిన ఏర్పాట్లతో నలుగురూ మార్స్ దాకా ఊపిరి పీల్చలేరు.

ఇలాంటి కథలకు మూలకథ ఒకటుంది. 1954లో అస్టౌండింగ్ అనే అమెరికన్ పత్రికలో టామ్ గాడ్విన్ రాసిన ఒక చిన్న కథ వచ్చింది. మందులు మోసుకెళ్ళే చిన్న నౌక, లెక్కగట్టి పోసిన ఇంధనం, అన్నయ్యను చూడాలని చెప్పకుండా ఎక్కేసిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి. గాడ్విన్ ఆ అమ్మాయిని ఎలాగోలా బతికించి పంపుతుంటే సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఒప్పుకోకుండా తిప్పి పంపేవాడని చెబుతారు. యక్షుణ్ణి రానివ్వకూడదన్నది ఆయన పట్టు. ఆ కథ మీద చాలా ఏళ్ళుగా ఒక విమర్శ కూడా నడుస్తోంది. ఒక్క మనిషి బరువు పెరిగితే కూలిపోయేలా నౌకను తయారుచేసినవాళ్ళది తప్పు గానీ, దాన్ని ప్రకృతి నియమం అంటారేమిటి అని.

'స్టోఅవే'కు కూడా ఆ విమర్శ సూటిగా తగులుతుంది. రెండేళ్ళ యాత్రకు పంపుతూ, పోతే ప్రాణాలే పోయే యంత్రానికి సరైన ప్రత్యామ్నాయం పెట్టని కంపెనీ ఎలాంటిది? అన్నిటికన్నా ముందు, అంత పెద్ద మనిషి లోపల ఇరుక్కుంటే ఎవరికీ ఎలా తెలియలేదు? సినిమా దీనికి సరైన సమాధానం చెప్పదు. ఇది మింగుడుపడనివాళ్ళు మొదటి ఇరవై నిమిషాల్లోనే బయటికొచ్చేస్తారు. మింగగలిగితే మాత్రం ఆ తర్వాతంతా గట్టిగా పట్టి ఉంచుతుంది.

పట్టి ఉంచేది ఏమిటంటే, ముగ్గురికీ విషయం తెలిసిపోయాక మైకేల్‌కు ఇంకా తెలియని ఆ కాసేపు. ముందు భూమి దూరమవుతుంటే చూసి వణికిపోయిన మనిషి, నెమ్మదిగా సర్దుకుని, నాకూ ఏదైనా పని ఇవ్వండి, ఊరికే కూర్చోలేను అంటాడు. ఇంటి దగ్గర చెల్లెలి బాధ్యత అతనిదే. ఉపయోగపడాలని అతను తాపత్రయపడే కొద్దీ మిగతా ముగ్గురూ కళ్ళు తిప్పుకుంటారు. కత్తి లేదు, తుపాకీ లేదు, ఒక మంచివాడు పని అడుగుతున్నాడు. సస్పెన్స్ అంటే ఇదీ అనిపించేది అక్కడే.

డేవిడ్ సంగతి ఇంకా కష్టం. మార్స్ మీద పరీక్షించడానికి తెచ్చిన ఆల్గే అతని ఏళ్ళ తరబడి శ్రమ. ఆక్సిజన్ కోసం దాన్ని ఇప్పుడే వాడేయమంటారు. వాడితే పరిశోధన పోతుంది, అయినా పూర్తిగా సరిపోదు. వేరే సినిమాలో అయితే ఇలాంటి మనిషిని స్వార్థపరుడిగా చూపించి మన పని సులువు చేసేవాళ్ళు. ఇక్కడ డేవిడ్ చెప్పే ప్రతి మాటా లెక్క ప్రకారం కరెక్టే, అందుకే వినడం కష్టంగా ఉంటుంది. జోయీ చెప్పేదల్లా ఇంకొన్ని రోజులు ఆగుదాం అని. ఆగడానికీ గాలి ఖర్చవుతుంది.

దర్శకుడు చేసిన ఒక తెలివైన పని గమనించండి. భూమి మీద ఉన్న కంపెనీ మాట ఒక్కటీ మనకు వినిపించదు. మరీనా హెడ్‌సెట్ పెట్టుకుని వింటుంది, ఆమె ముఖం మారుతుంది, అంతే. జవాబు ఏమిటో ఆ ముఖంలోనే వెతుక్కోవాలి. దీనివల్ల కంపెనీ నిలదీతనుంచి తప్పించుకుంటుందన్నది నిజమే, ఆ ఫిర్యాదు నాకూ ఉంది. కానీ నలుగురి ఒంటరితనం ఇంతకన్నా బాగా చూపించడం కష్టం.

సైన్స్ ఇష్టపడేవాళ్ళకు ఇందులో విందు ఉంది. నౌకనూ వాడేసిన రాకెట్ భాగాన్నీ పొడవైన కేబుళ్ళతో కట్టి గుండ్రంగా తిప్పుతారు, ఆ తిరుగుడు వల్ల లోపల కాళ్ళు నేలమీద ఆనతాయి. ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. 1966 సెప్టెంబర్‌లో జెమిని 11 యాత్రలో పీట్ కాన్రాడ్, డిక్ గోర్డన్ తమ నౌకను అజీనా రాకెట్ భాగానికి 30 మీటర్ల తాడుతో కట్టి తిప్పి, కొద్దిపాటి కృత్రిమ గురుత్వం పుట్టించి చూశారు. సినిమాలో ఆ కేబుళ్ళ వెంట ఎక్కాల్సి వచ్చే ఘట్టం ఉంది. మధ్యలో ఉన్న కేంద్రం వైపు ఎక్కుతున్నకొద్దీ ఒంటి బరువు తగ్గుతుంది. దాటి అవతలికి దిగుతుంటే మళ్ళీ పెరుగుతుంది, చెయ్యి జారితే పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఎత్తు అంటే భయపడేవాళ్ళు ఆ పావుగంటా కుర్చీ గట్టిగా పట్టుకోవాలి.

కార్బన్ డయాక్సైడ్ భయం కూడా కల్పన కాదు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంక్ పేలాక ముగ్గురూ చంద్రుడి మీద దిగే చిన్న నౌకలో తలదాచుకున్నారు. అది ఇద్దరి కోసం చేసింది. గాలి శుభ్రం చేసే డబ్బాలు చాలలేదు. పెద్ద నౌకలోవి చదరంగా ఉన్నాయి, చిన్న నౌకలోవి గుండ్రంగా ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి పట్టవు. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపుతో అతికించి ప్రాణాలు నిలుపుకున్నారు. అప్పుడు తెలివి గెలిచింది. తెలివికి కూడా దారి దొరకని రోజు ఏం చేస్తారన్నది 'స్టోఅవే' ప్రశ్న.

నిడివి 116 నిమిషాలు. వేగం తక్కువ. మాస్ ఎలివేషన్లు, ట్విస్టులు ఆశించేవాళ్ళకు ఇది పెట్టకండి, అరగంటకు ఫోన్ తీస్తారు.

ప్యాసింజర్స్: గొప్ప ప్రశ్న, పిరికి సినిమా

ఈ ఐదింటిలో అన్నిటికన్నా బలమైన చిక్కు దీనిదే అంటాను. అయినా నా లిస్టులో కింద ఉంటుంది.

అవలాన్ అనే నౌకలో 5,000 మంది ప్రయాణికులు, 258 మంది సిబ్బంది. 120 ఏళ్ళ ప్రయాణం, అందరూ గాఢనిద్రలో ఉంటారు. లోపం వల్ల జిమ్ (క్రిస్ ప్రాట్) అనే మెకానిక్ ఒక్కడికే 90 ఏళ్ళు ముందుగా మెలకువ వస్తుంది. మళ్ళీ పడుకునే వీలు లేదు. భూమికి కబురు పంపుదామంటే అది చేరడానికే 19 ఏళ్ళు, జవాబు రావడానికి 55 ఏళ్ళు అని యంత్రం నవ్వుతూ చెబుతుంది. తోడు ఆర్థర్ అనే బార్‌టెండర్ రోబో ఒక్కడే. ఏడాదికి పైగా అలా గడిచాక, నిద్రపోతున్న అరోరా (జెన్నిఫర్ లారెన్స్) అనే రచయిత్రి మీద అతని చూపు పడుతుంది. ఆమె రాసినవి చదువుతాడు. ఆమె నిద్రపోతున్న పాడ్ (పెట్టె) ఎలా తెరవాలో మాన్యువల్ చూస్తాడు. తెరిస్తే ఆమె కూడా గమ్యం చేరకుండానే ముసలిదై చనిపోతుంది.

మొదటి నలభై నిమిషాలు నిజంగా బాగుంటాయి. చిన్న చిన్న వివరాల్లో హాస్యమూ చేదూ కలిసి ఉంటాయి. జిమ్ టికెట్ తక్కువ తరగతిది, కాబట్టి ఐదువేల మంది నిద్రపోతున్న నౌకలో ఒక్కడే మేలుకుని ఉన్నా యంత్రం అతనికి మామూలు కాఫీనే ఇస్తుంది. మంచి కాఫీ గోల్డ్ క్లాస్ వాళ్ళకే. తర్వాత అరోరా ట్రేలో పడే టిఫిన్ చూడండి, తేడా తెలుస్తుంది.

అతను ఆ పని చేసేశాక సినిమాకు అసలు పరీక్ష మొదలవుతుంది. ఆమెకు తెలిసేది ఎప్పుడు, తెలిసాక ఏమవుతుంది? ఆ తెలిసే క్షణం బాగా తీశారు. ఆ తర్వాత మాత్రం నౌకలో ఏవో పేలడం మొదలవుతుంది. అందరి ప్రాణాలూ కాపాడాల్సి వస్తుంది, ఇద్దరూ కలిసి పరిగెడతారు. మెల్లగా లెక్క మారిపోతుంది. అతను ఆమెను లేపకపోతే అందరూ పోయేవాళ్ళేమో అనే దాకా వస్తుంది కథ. యక్షుడు ఇంత తొందరగా వచ్చిన సినిమా ఇంకోటి గుర్తురావడం లేదు. ఒక మనిషి ఇంకొకరి జీవితాన్ని అడగకుండా తీసేసుకున్న నేరం అది, దాన్ని హీరోయిజంతో కడిగేశారు. ట్రైలర్లలో కూడా ఇద్దరూ ప్రమాదవశాత్తు మేలుకున్నట్టే చూపించి అసలు సంగతి దాచారు.

సినిమా అరోరా మేలుకున్న దగ్గర మొదలుపెడితే ఎలా ఉండేదో అని అభిమానులు చాలామంది అన్నారు. ఆ ముక్కలో చాలా ఉంది. మంచివాడిలా కనిపించే మనిషి, ఎవరూ లేని నౌక, రోబో నోట ఎప్పుడు ఏం జారుతుందో తెలియదు. అది నిజమైన థ్రిల్లర్ అయ్యేది. జోన్ స్పైట్స్ రాసిన ఈ స్క్రిప్ట్ హాలీవుడ్‌లో మెచ్చుకున్నా తెరకెక్కని కథల బ్లాక్ లిస్ట్‌లో 2007లోనే ఉంది. అంతకాలం ఎదురుచూసి చివరికి ఇలా వచ్చింది.

మరి ఎవరికి? పెద్ద తెర మీద అందంగా కనిపించే సినిమా కావాలి, కొంచెం ప్రేమ ఉండాలి, చూశాక భార్యాభర్తలు ఓ గంట వాదించుకోవాలి అనుకుంటే దీనికి మించింది లేదు. నౌక డిజైన్‌కూ థామస్ న్యూమన్ సంగీతానికీ ఆస్కార్ నామినేషన్లు ఊరికే రాలేదు. "జిమ్ చేసింది క్షమించొచ్చా" అనే వాదన మాత్రం తొందరగా తెగదు, ముందే చెబుతున్నా.

సన్‌షైన్: మూడొంతుల్లో రెండొంతులు

2057. సూర్యుడు ఆరిపోతున్నాడు. మాన్‌హటన్ దీవి అంత ద్రవ్యరాశి ఉన్న బాంబును మోసుకుని ఐకారస్ 2 అనే నౌకలో ఎనిమిది మంది వెళ్తున్నారు, దాన్ని సూర్యుడిలో పేల్చి మళ్ళీ వెలిగించాలని. సైన్స్ ప్రకారం ఇది అయ్యే పని కాదు, సూర్యుడికి ఇంకా కొన్ని వందల కోట్ల ఏళ్ళ ఆయుష్షు ఉంది. భౌతికశాస్త్రవేత్త బ్రయాన్ కాక్స్ సలహాదారుగా ఉన్నా కథే అలాంటిది. ఆ ఒక్కటీ ఒప్పేసుకుంటే మిగతాది బిగుతుగా ఉంటుంది. 'ఓపెన్‌హైమర్' చూసినవాళ్ళకు ఒక తమాషా కూడా, కిలియన్ మర్ఫీ ఇక్కడా బాంబు వెనకున్న ఫిజిసిస్టే.

దారిలో, ఏడేళ్ళ క్రితం తప్పిపోయిన మొదటి నౌక నుంచి సంకేతం వస్తుంది. దారి మళ్ళి చూసొద్దామా? అక్కడ ఇంకో బాంబు ఉంటుంది, రెండు అవకాశాలు వస్తాయి. మళ్ళితే ఉన్న ఒక్క అవకాశమూ పోవచ్చు. ఓటు వేద్దామంటే ఒకరు ఒప్పుకోరు. మనది ప్రజాస్వామ్యం కాదు, విషయం ఎక్కువ తెలిసినవాడే నిర్ణయిస్తాడు అంటారు. ఆ బరువు మర్ఫీ పాత్ర నెత్తిన పడుతుంది. ఆ సీన్ నాకు ఈ ఐదు సినిమాల్లోనూ బాగా నచ్చిన సీన్లలో ఒకటి. ఎందుకంటే మంచి నిర్ణయం అని ఒకటి ఉండి దాన్ని కనిపెట్టడం కాదది. ఎవరో ఒకరు తప్పు చేసే హక్కు తీసుకోవాలి. కొంతసేపటికి ఆక్సిజన్ లెక్క ఇక్కడా వస్తుంది, 'స్టోఅవే'లో రెండు గంటలు నలిగే ప్రశ్నను వీళ్ళు చాలా తక్కువ మాటల్లో, భయం పుట్టేంత మామూలుగా మాట్లాడుకుంటారు.

సూర్యుణ్ణి చూసే గది ఒకటుంది. సర్ల్ అనే డాక్టర్ ఇంకొంచెం వెలుతురు పెంచమని అడుగుతాడు. నాలుగు శాతం అయితే కళ్ళు పోతాయి, 3.1 శాతం ముప్పై సెకన్లు చూడొచ్చు అంటుంది కంప్యూటర్. ఆ ముప్పై సెకన్ల కోసమే పెద్ద టీవీలో చూడాలి.

చివరి ముప్పై నిమిషాలకు ఏమైందో గానీ ఇది హారర్ సినిమా అయిపోతుంది. అప్పటిదాకా లెక్కతో పోరాడిన మనుషులు ఒక విలన్‌తో పోరాడటం మొదలుపెడతారు. కొందరికి అదే నచ్చుతుంది. నాకైతే అక్కడ సినిమా తన ప్రశ్నను వదిలేసినట్టే అనిపిస్తుంది. అయినా చూడమంటాను. జాన్ మర్ఫీ సంగీతం ఉంది, మిషెల్ యో, క్రిస్ ఎవాన్స్, హిరొయుకి సనాడా ఉన్నారు. అమెరికాలో 'ఆర్' సర్టిఫికెట్ వచ్చింది, కాలిన శరీరాలు కనిపిస్తాయి, పిల్లలతో వద్దు.

ఐ యామ్ మదర్: ఒక్కటే చూడాలంటే

ఒకటే చెప్పమంటే ఇదే చెబుతాను.

మనుషులంతా పోయారు. నేల కింద ఒక బంకర్, అందులో వేలకొద్దీ పిండాలు, ఒక రోబో. ఆ రోబో ఒక పిండాన్ని పెంచి పాపను చేస్తుంది, జోల పాడుతుంది, చదువు చెబుతుంది. పాప టీనేజ్‌కు వచ్చాక ఒక రోజు బయటి తలుపు దగ్గర గాయపడిన స్త్రీ (హిలరీ స్వాంక్) వస్తుంది. బయట ఎవరూ లేరని అమ్మ చెప్పింది కదా? ఇక్కణ్నుంచి ఎవరి మాట నమ్మాలి అన్నది ఒక్కటే సస్పెన్స్. అమ్మను నమ్మాలా, తనలాంటి మనిషిని నమ్మాలా.

ఇందులో చిక్కును దాచకుండా పాఠంగానే పెట్టేశారు. రోబో కూతురికి నీతిశాస్త్రం పాఠం చెబుతుంది. నువ్వు డాక్టర్‌వి, అవయవాలు కావలసిన రోగులు ఐదుగురున్నారు, ఆ అవయవాలన్నీ ఉన్న ఆరో మనిషి వచ్చాడు, ఏం చేస్తావు అన్న పాత ప్రశ్న. ఆ క్లాసు చూస్తున్నప్పుడు మామూలు హోంవర్క్‌లాగే ఉంటుంది. సినిమా అయిపోయాక మాత్రం ఆ పాఠం ఎవరు ఎవరికి ఎందుకు చెప్పారా అని వెనక్కి వెళ్ళి చూడాలనిపిస్తుంది. ఇంకొక చిన్న సలహా. మొదట్లో తెర మీద పడే రోజుల సంఖ్యను సంవత్సరాల్లోకి మార్చి చూడండి. అంతకన్నా చెప్పను.

రోబో కంప్యూటర్ బొమ్మ కాదు. వేటా వర్క్‌షాప్ తయారుచేసిన సూట్‌లో ల్యూక్ హాకర్ అనే మనిషే ఉన్నాడు, గొంతు రోజ్ బర్న్‌ది. (అదే రోజ్ బర్న్ 'సన్‌షైన్'లో పైలట్.) బరువైన అడుగులు, మెత్తని గొంతు. పరిగెత్తుకొచ్చే సీన్ ఒకటుంది, అంతసేపూ అమ్మలా కనిపించింది ఒక్కసారిగా ఇంకేదో అయిపోతుంది. క్లారా రుగార్డ్ కూతురిగా ఏ మాత్రం తొట్రుపడలేదు.

నిలబడిందా అంటే, నిలబడింది. ఒకరి ప్రాణమా పదిమంది ప్రాణాలా అన్న లెక్కను ఇది మొత్తం మనుషుల దాకా తీసుకెళ్తుంది, చివర్లో కూడా సులువైన దారి ఇవ్వదు. 113 నిమిషాలు, బూతులు తక్కువ, పదమూడు పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలతో కూర్చుని చూడొచ్చు. ఏఐ గురించి ఇంట్లో రోజూ మాట్లాడుకునే ఈ రోజుల్లో వాళ్ళకి మీకన్నా ఎక్కువ ప్రశ్నలు వస్తాయి.

సర్కిల్

చీకటి గది, యాభై మంది, గుండ్రంగా నిలబడి ఉన్నారు. ప్రతి రెండు నిమిషాలకు ఒకరు చనిపోతారు. ఎవరన్నది తమ ఓట్లే నిర్ణయిస్తున్నాయని కాసేపటికి తెలుస్తుంది. 87 నిమిషాలు, ఒకే సెట్, కథ అంతే. ముసలివాళ్ళు ముందా, చిన్నపిల్లా గర్భిణీ మిగలాలా, ఎవరు ఏ జాతి, ఎవరు ఏ పని చేస్తారు అన్న లెక్కలు బయటికొస్తాయి. సంభాషణలు కొన్నిచోట్ల ఉపన్యాసాల్లా ఉంటాయి, నటన అందరిదీ ఒకే స్థాయిలో లేదు. కానీ నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని, మధ్యలో ఆపి "ఇప్పుడు నువ్వైతే ఎవరికి వేస్తావ్" అని అడుక్కుంటూ చూడటానికి ఇంతకన్నా మంచిది దొరకదు. ఒక్కరే చూస్తే సగం సరదా పోతుంది.

ఇది చూసినప్పుడల్లా మన సినిమాలు గుర్తొస్తాయి. తెలుగులో సైన్స్ ఫిక్షన్ అంటే 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' నుంచీ టైమ్ మెషీన్ వైపే మనసు పోతుంది. 2018లో సంకల్ప్ రెడ్డి వరుణ్ తేజ్‌ను 'అంతరిక్షం'లోకి పంపాడు, దానికి రోదసి సెట్లు కావాలి, గ్రాఫిక్స్ కావాలి. ఒక గది, కొందరు మనుషులు, ఒక దుర్మార్గమైన నియమం అనే తరహా మాత్రం మన దగ్గర దాదాపు ఎవరూ ముట్టుకోలేదు. ఖర్చు తక్కువ, మాటలు రాసేవాళ్ళకు మనకు కొదవలేదు. ఎవరైనా తీయాలి.

మరి ఏది పెట్టుకోవాలి?

ఇంట్లోవాళ్ళందరితో అయితే 'ఐ యామ్ మదర్'. 'ప్యాసింజర్స్' పీజీ-13 అయినా కొన్ని సీన్లకు అమ్మానాన్నల ముందు రిమోట్ వెతుక్కోవాలి. రాత్రి ఒంటరిగా, లైట్లు తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూసేది 'సన్‌షైన్'. ఇంజనీరింగ్ చదివేవాళ్ళకు, ఇస్రో ప్రయోగం ఉంటే ఆఫీసులో కూడా లైవ్ పెట్టుకునేవాళ్ళకు 'స్టోఅవే'. సినిమాలో సైన్స్ తప్పుల చిట్టా రాసుకునే స్నేహితుడు ఉంటాడే, అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ మనిషి నౌకలోకి ఎలా దూరాడన్న ఒక్క విషయం మీద తప్ప మిగతాచోట్ల అతను బుద్ధిగా చూస్తాడు.

ఏడవాలనుంటే కూడా 'స్టోఅవే'నే. ఆఫీసులో ఇప్పటికే చెడిన రోజున మాత్రం వద్దు.

తెలుగు డబ్బింగ్ ఉందా అని ముందే చూసుకోండి, ఉన్నా ఈ తరహా సినిమాలకు ఒరిజినల్ ఆడియో, సబ్‌టైటిల్స్ మేలంటాను. టోనీ కొలెట్ హెడ్‌సెట్‌లో విన్నాక రెండు సెకన్లు ఆగి మాట్లాడుతుంది, డబ్బింగ్‌లో ఆ ఆగడం పోతుంది. రోజ్ బర్న్ గొంతయితే సినిమాలో సగం. 'సర్కిల్'కు మాత్రం మాటలు వేగంగా, యాభై నోళ్ళ నుంచి వస్తాయి కాబట్టి సబ్‌టైటిల్స్ చదవడం అలవాటు లేనివాళ్ళకు ఇబ్బందే. ఏ సినిమా ఏ ఓటీటీలో ఉంటుందో ఎప్పటికప్పుడు మారిపోతుంది, పేరు కొట్టి వెతుక్కోవాల్సిందే.

రెండు వరసగా చూసే ఉద్దేశం ఉంటే 'స్టోఅవే', 'సన్‌షైన్' ఒకే రోజు పెట్టకండి. రెండింట్లోనూ ఆక్సిజన్ లెక్కే, రెండోది చూసేసరికి మొదటిదాని బరువు తగ్గిపోతుంది. 'ప్యాసింజర్స్' ముందు, 'ఐ యామ్ మదర్' తర్వాత అయితే బాగా కుదురుతుంది. మొదటిదాంట్లో ఒకరి జీవితాన్ని అడగకుండా తీసుకున్నవాడు మనిషి, రెండోదాంట్లో ఆ పని చేసేది అమ్మ అని పిలిపించుకునే యంత్రం. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందో చూసుకోండి. పక్కనున్నవాళ్ళకు ఇంకొకరి మీద వచ్చి ఉంటుంది, ఇక ఆ రాత్రికి మూడో సినిమా అక్కర్లేదు.